పాత కంబైన్ గ్రెయిన్ ట్యాంకుకు ఎక్స్‌టెన్షన్: ఎంత ఎత్తు పెట్టాలి, ఎలా బిగించాలి

మీరు అడిగినదాన్ని నేను అర్థం చేసుకున్నది ఇలా. కంబైన్ (పంట కోసి నూర్చే మిషన్) పాతది, దాని గింజ ట్యాంకు దాదాపు 4 క్యూబిక్ మీటర్లు, ట్రాలీ తిరిగి వచ్చేలోపు నిండిపోయి కోత ఆపాల్సి వస్తోంది. చుట్టూ 40 సెంటీమీటర్ల ఎత్తు పలకలు బిగిద్దామనుకుంటున్నారు, లోపల ఆగర్ (తిరుగుతూ గింజను తోసే స్క్రూ) కూడా పొడిగించాలా, కింద యాక్సిల్ ఆ బరువు మోస్తుందా అనేది మీ సందేహం. బిగించొచ్చు. పాత మిషన్లకు ఎక్స్‌టెన్షన్ వేసుకుని ఏళ్ల తరబడి ఏ ఇబ్బందీ లేకుండా నడుపుతున్నవాళ్లు చాలామంది ఉన్నారు. కాకపోతే ఆ 40 అనే అంకె ఎక్కడి నుంచి వచ్చిందో ఒకసారి ఆలోచించండి. రేకు షీటు కోతకు కలిసొచ్చిందనో, ఇంకెవరి మిషన్‌కో అంతే ఉందనో పెట్టుకున్న అంకె అయితే దాన్ని వదిలేసి మొదటి నుంచి లెక్క వేసుకోండి. ట్యాంకులోకి గింజ పోసే ఆగర్, ట్యాంకును ఖాళీ చేసే ఆగర్, కింద టైర్లూ యాక్సిలూ, వీటిలో ఏది ముందు చేతులెత్తేస్తుందో మీ పలక ఎత్తుకు అదే హద్దు.

ముందు బరువు సంగతి. ట్యాంకు పై అంచు లోపలి కొలత 2.4 మీటర్ల పొడవు, 1.7 మీటర్ల వెడల్పు అనుకుందాం, మీది టేపు పెట్టి కొలుచుకోండి. దాని మీద 40 సెంటీమీటర్ల నిటారు పలకలు పెడితే పెరిగే చోటు 1.6 క్యూబిక్ మీటర్లు. ఆరిన గోధుమ క్యూబిక్ మీటరుకు సుమారు 770 కిలోలు తూగుతుంది, సోయా దాదాపు అంతే, మొక్కజొన్న 720 దగ్గర, వడ్లు 560 నుంచి 600 మధ్య, పొద్దుతిరుగుడు 400 లేదా ఇంకా తక్కువ. అంటే అవే పలకలతో గోధుమలో టన్నుంపావు, వడ్లలో టన్నుకు కాస్త తక్కువ, పొద్దుతిరుగుడులో ఆరేడు వందల కిలోలు అదనంగా ఎక్కుతుంది. పొద్దుతిరుగుడులో హాయిగా నడిచిన ఎక్స్‌టెన్షన్ గోధుమలో మిషన్‌ను ఏడిపిస్తుంది. అందుకని మీరు కోసే పంటల్లో అన్నింటికన్నా బరువైనది ఏదో దానికే లెక్క కట్టండి.

ఇక అసలు మీకు ఎంత చోటు కావాలి? ఎక్స్‌టెన్షన్ వేస్తే మిషన్ గంటకు కోసేది పెరగదు, ఆగకుండా కోసే దూరం పెరుగుతుంది, అంతే. ట్రాలీలు తక్కువై ఆగిపోతున్నారంటే రోజు మొత్తం మీద ఎక్స్‌టెన్షన్ పెద్దగా ఆదుకోదు, ఇంకొక ట్రాలీ ఆదుకుంటుంది. అదే పొలం పొడవుగా ఉండి సగం దారిలో ట్యాంకు నిండిపోతోందంటే మాత్రం ఎక్స్‌టెన్షన్ బాగా పనికొస్తుంది. దీనికి చిన్న లెక్క చాలు. హెడర్ (ముందు పంటను కోసే భాగం) నికరంగా 4 మీటర్ల వెడల్పు కోస్తూ, హెక్టారుకు 5 టన్నుల దిగుబడి ఉందనుకోండి, ప్రతి 100 మీటర్లకు 200 కిలోలు ట్యాంకులో పడతాయి. 4 క్యూబిక్ మీటర్ల ట్యాంకులో గోధుమ 3.1 టన్నులు పడుతుంది కాబట్టి అది 1550 మీటర్లకు నిండుతుంది. పొలం పొడవు 900 మీటర్లు, ట్రాలీ ఒక చివరే నిలబడుతుందంటే వెళ్లి రావడానికి 1800 మీటర్లు, అంటే 3.6 టన్నులు. తక్కువ పడుతున్నది అర టన్ను. పై కొలతల ట్యాంకుకు అర టన్ను అంటే 16 సెంటీమీటర్ల ఎత్తు. 20 సెంటీమీటర్ల పలక పెడితే ఒక చుట్టు పూర్తయి ట్రాలీ దగ్గరకు వచ్చేస్తారు. 40 పెట్టారనుకోండి, రెండో చుట్టు ఎలాగూ పూర్తి కాదు, ఆ పై 20 సెంటీమీటర్లు ఊరికే నెత్తిమీద బరువు. నడుస్తూనే ట్రాలీలో పోసుకునేవాళ్లకు ఈ చుట్టు లెక్క అంత గట్టిగా వర్తించదు, వాళ్లకు ట్రాలీ పోయి వచ్చే నిమిషాలు లెక్క. ఏదైనా సరే, మీ పొలం, మీ దిగుబడి, మీ ట్రాలీ తిరిగే సమయం పెట్టి ఒకసారి వేసి చూడండి. చాలామందికి 20, 25 దగ్గరే పని అయిపోతుంది.

ఇప్పుడు నింపే ఆగర్. పాత మిషన్లలో ఎక్కువ గొడవ ఇక్కడే వస్తుంది, పలకలు బిగించే హడావుడిలో దీన్నే ఎవరూ చూడరు. మీ మిషన్‌లో క్లీన్ గ్రెయిన్ ఎలివేటర్ (శుభ్రపడిన గింజను గొలుసుతో పైకి ఎత్తేది) పైకి వచ్చి గింజను ఎక్కడ వదులుతోందో ట్యాంకులో తల పెట్టి చూడండి, ఇంజిన్ ఆపి, తాళం జేబులో వేసుకుని. కొన్నింటిలో ఎలివేటర్ తల దగ్గర నుంచి అడ్డంగా ఒక ఆగర్ ట్యాంకు మధ్యకు వస్తుంది. కొన్నింటిలో ఏటవాలుగా పైకి లేచే ఆగర్ ఉండి దాని నోటి నుంచి గింజ ఊటలా పొంగి చుట్టూ జారుతుంది. రెండింట్లో ఏదైనా, పాత ట్యాంకు నిండినప్పుడు గింజ పైమట్టం ఆ నోటికి ఎంత పైన లేదా కింద ఉంటుందో గుర్తు పెట్టుకోండి. నోరు గింజలో కొద్దిగా మునిగితే ఆగర్ తోసుకుంటూ పోతుంది. బాగా మునిగితే పైనున్న గింజ బరువంతా ఎత్తుకుంటూ తోయాలి. అప్పుడు లోడు పెరుగుతుంది, బెల్టు జారుతుంది, స్లిప్ క్లచ్ (లోడు మించితే జారే క్లచ్) టకటకమంటుంది, గింజ వెనక్కి ఎలివేటర్‌లోనే పేరుకుంటుంది. ఎలివేటర్ జామ్ అయితే గొలుసు సాగడం, గొలుసుకున్న రెక్కలు విరగడం, కింద క్లీన్ గ్రెయిన్ ఆగర్ కూడా నిండిపోయి మంచి గింజ జల్లెడ వెనక నుంచి పొలంలో పోవడం, అన్నీ ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ఇంకో నష్టం కంటికి కనపడదు. నిండిన గింజలోకి ఆగర్ బలవంతంగా తోస్తుంటే గింజ పగులుతుంది. విత్తనానికి కోసేవాళ్లు ఈ ఒక్క కారణానికైనా జాగ్రత్తపడాలి.

కాబట్టి నా లెక్క ఇది. పలక 15, 20 సెంటీమీటర్లే అయి, ఆగర్ నోరు ఇప్పుడు పాత అంచుకు సమంగానో కాస్త పైనో ఉంటే ఏమీ మార్చకుండా ఒకసారి నింపి చూడొచ్చు. అంతకు మించితే ఆగర్‌ను కూడా దాదాపు అంతే ఎత్తు పెంచాలి. పెంచేటప్పుడు గొట్టం ఒక్కటే పొడిగించి లోపల స్క్రూ పొడిగించకపోతే లాభం లేదు, స్క్రూ ఆగిన చోటు నుంచి గింజ కింది ఒత్తిడితోనే పైకి ఎక్కాలి, ఎక్కదు. షాఫ్టుకు అదే వ్యాసం, అదే దిశ, అదే పిచ్ (మరల మధ్య దూరం) ఉన్న స్క్రూ ముక్కను అతికించాలి, రెండు స్క్రూల అంచులు కలిసే చోట మెట్టు లేకుండా గ్రైండ్ చేయాలి. షాఫ్టు పొడవు పెరిగింది కాబట్టి పై చివర ఊగుతుంది, దానికి ఒక బేరింగో కనీసం బుష్షో పెట్టి దాన్ని ట్యాంకు గోడకో అడ్డ పట్టీకో కట్టాలి. ఊగే షాఫ్టు గొట్టాన్ని లోపల నుంచి కోసేస్తుంది, ఒక సీజన్ చాలు. మీ మోడల్‌కు కంపెనీ కిట్టో, పాత మిషన్ విప్పి అమ్మేవాళ్ల దగ్గర పెద్ద ట్యాంకు మోడల్ ఆగరో దొరికితే సొంతంగా చేయించే కన్నా అదే నయం. బేరింగ్, స్క్రూ, గొట్టం ఒకదానికొకటి సరిపోయే ఉంటాయి.

నోరు మధ్యలో లేకపోతే ఇంకో తలనొప్పి ఉంది. గింజ రాశి ఒక పక్కనే శిఖరం కట్టి అక్కడ పలక దాటి పొర్లుతుంటుంది, ఎదురు మూల మాత్రం ఖాళీగా ఉంటుంది. గింజ తనంతట తాను జారే వాలు ఆరిన గోధుమకో మొక్కజొన్నకో 25 డిగ్రీల చుట్టూ ఉంటే వడ్లకు ఇంకా నిటారుగా ఉంటుంది, తడిస్తే మరీ. అంటే వడ్లలో మూలలు నిండటం ఎప్పుడూ కష్టమే. నోటి ఎదురుగా వంచిన రేకు ముక్క ఒకటి పెట్టి గింజను ఖాళీ పక్కకు మళ్లిస్తే, పలక ఎత్తు పెంచకుండానే చాలా చోటు కలిసొస్తుంది. అసలు ఎక్స్‌టెన్షన్ వేయకముందే ఈ ఒక్క పని చేసి చూడమంటాను. కొందరికి అక్కడితోనే సమస్య తీరిపోతుంది.

ఖాళీ చేసే ఆగర్ విషయానికొస్తే, ట్యాంకు అడుగున అడ్డంగా తిరిగే ఆగర్ మీద ఇప్పుడు ఎక్కువ గింజ కూర్చుంటుంది. తిరుగుతున్నప్పుడు పెద్ద ఇబ్బంది ఉండదు, మొదలుపెట్టే క్షణంలోనే బెల్టు, గొలుసు, షియర్ బోల్టు (లోడు మించితే ముందుగా తెగేలా పెట్టిన బోల్టు) మీద దెబ్బ పడుతుంది. ఆ ఆగర్ మీద చాలా మోడళ్లలో తిరగేసిన వి ఆకారంలో రేకు మూత ఉంటుంది, దాని కాళ్ల దగ్గర పొడవాటి రంధ్రాలు ఉంటాయి. మూతను కిందికి దించితే ఆగర్‌కు అందే గింజ తగ్గి లోడు తగ్గుతుంది, పైకి లేపితే త్వరగా ఖాళీ అవుతుంది. ఎక్స్‌టెన్షన్ వేశాక ఒక మెట్టు దించి మొదలుపెట్టండి, బెల్టు జారకపోతే తర్వాత కొద్దిగా లేపుకోవచ్చు. పచ్చి మొక్కజొన్నకూ ఆరిన గోధుమకూ ఒకే సెట్టింగ్ పనికిరాదు. అసలు ఆ మూతలు పాత మిషన్లలో చాలాసార్లు ఉండవు, ఎవరో ఎప్పుడో రిపేరులో తీసేసి మళ్లీ పెట్టకుండా వదిలేసి ఉంటారు, అది ముందు చూసుకోండి.

అన్‌లోడింగ్ ఎప్పుడూ ఇంజిన్ తక్కువ వేగంలో కలిపి, పట్టుకున్నాక రేజ్ పెంచాలి. ఫుల్ రేజ్‌లో లివర్ లాగితే షియర్ బోల్టు తెగుతుంది. నాలుగుసార్లు తెగిందని విసుగొచ్చి అక్కడ గట్టి గ్రేడ్ బోల్టు వేస్తారు, అప్పుడు బోల్టు నిలబడుతుంది, గేర్‌బాక్సో స్ప్రాకెటో పోతుంది. మాన్యువల్‌లో ఏ గ్రేడ్ చెప్పారో అదే వేయండి, అరడజను క్యాబిన్‌లో పెట్టుకోండి. ఇంకొకటి, ట్యాంకు నిండుగా ఉండగా సగం పోసి ఆపడం వీలైనంత మానుకోండి. గొట్టం నిండా గింజతో ఆగిపోయిన ఆగర్ మళ్లీ కదలడానికి చాలా కష్టపడుతుంది, ముఖ్యంగా గొట్టం పైకి లేచి ఉండే రకం. రాత్రికి ట్యాంకు నింపి వదిలేసే అలవాటు ఉంటే అది కూడా మానాలి, మంచుకు గింజ చెమ్మగిల్లి పొద్దున్నే గట్టిగా పట్టేస్తుంది.

టైర్లు, యాక్సిల్ గురించి ఊహలు వద్దు, కాటా వేయించండి. మిషన్‌కు హెడర్ తగిలించి, పాత అంచు వరకు ట్యాంకు నింపి, ముందు చక్రాలు మాత్రమే వేబ్రిడ్జి మీద ఉండేలా నిలిపి తూకం తీయండి, తర్వాత వెనక చక్రాలు. ట్యాంకు చాలావరకు ముందు యాక్సిల్ మీదే కూర్చుంటుంది, హెడర్ బరువు కూడా అటే, కాబట్టి పెరిగే టన్నుంపావులో ఎక్కువ భాగం ముందుకే వెళ్తుందని లెక్క వేసుకోండి. ఆ మొత్తాన్ని రెండు టైర్లకు పంచి, టైరు పక్కన రాసి ఉన్న లోడ్ ఇండెక్స్‌తో పోల్చండి. 140 అంటే టైరుకు 2500 కిలోలు, 150 అంటే 3350, 160 అంటే 4500, ఇవన్నీ టైరు మీద పక్కనే అక్షరంతో చూపించే వేగం దగ్గర, సరైన గాలి ఉన్నప్పుడు. మెల్లగా తిరుగుతూ నిండి ఖాళీ అయ్యే కోత పనికి టైరు కంపెనీలు తమ టేబుళ్లలో విడిగా ఎక్కువ లోడు అంకెలు ఇస్తాయి, కానీ అవి దానికి చెప్పిన గాలి ఒత్తిడితోనే. బాగా పాత టైర్లయితే ఇండెక్స్ బదులు ప్లై రేటింగ్ (టైరు బలం చెప్పే అంకె) ఉంటుంది, అప్పుడు సైజు, ప్లై రెండూ పెట్టి టేబుల్ చూడాలి. పక్క గోడలో పగుళ్లున్న టైరుకు ఏ టేబులూ చెల్లదు.

అంకెలు సరిపోయినా ఫైనల్ డ్రైవ్‌లు (చక్రాల దగ్గరి గేర్లు) ఒకసారి చూడాలి. ఆయిల్ తీసి వేళ్ల మధ్య రుద్దండి, మెరిసే పొడి తగిలితే బేరింగో గేరో అరుగుతున్నట్టే, దాని మీద ఇంకో టన్ను పెట్టే ముందు ఆ పని చేయించుకోవాలి. చక్రాన్ని జాకీ మీద ఎత్తి పైనా కిందా పట్టుకుని ఊపి చూస్తే వదులు తెలుస్తుంది. బ్రేకులు కూడా అంతే, ఖాళీ మిషన్‌ను ఆపే బ్రేకు నిండు మిషన్‌ను వాలులో ఆపాలని లేదు. దగ్గర్లోని కాటాకు తప్ప నిండు ట్యాంకుతో రోడ్డెక్కొద్దు, పొలంలోనే ఖాళీ చేసి బయలుదేరండి. వాలు పొలాల్లో గింజ ఎత్తున కూర్చోవడం వల్ల మిషన్ బోల్తా పడే ప్రమాదం నిజంగా పెరుగుతుంది, అలాంటి పొలాల్లో పాత అంచు దాటి నింపకపోవడమే నయం, పలకలు ఉన్నాయి కదా అని నింపాల్సిన పని లేదు.

నేల గురించి కూడా ఒక మాట. పైపొర ఎంత నలుగుతుందనేది టైరు వెడల్పు, గాలి మీద ఆధారపడితే, లోతు పొర ఎంత నలుగుతుందనేది ఎక్కువగా యాక్సిల్ మొత్తం బరువు మీద ఆధారపడుతుంది. చెమ్మగా ఉన్న నేలలో యాక్సిల్ బరువు 10 టన్నుల దాకా పోతే 40, 50 సెంటీమీటర్ల లోతున కూడా నేల గట్టిపడుతుంది, అక్కడికి మామూలు దుక్కి అందదు. టైరు వెడల్పు పెంచి దీన్ని పూర్తిగా తప్పించుకోలేరు. తడి సంవత్సరంలో ఎక్స్‌టెన్షన్ మడిచేసి నడపడం పంట మీద ప్రేమ ఉన్నవాళ్లు చేసే పని.

ఇక ట్యాంకు. పాత ట్యాంకు అంటే తుప్పు ఎక్కడుందో వెతకాలి. అడుగున ఆగర్ తొట్టి, మూలల అతుకులు, ట్యాంకును ఛాసిస్‌కు కట్టిన బ్రాకెట్లు, ఈ మూడు చోట్ల గట్టి స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి, కన్నం పడితే అక్కడ ముందు పని ఉంది. బ్రాకెట్ల దగ్గర పెయింట్ వెంట్రుకవాసి గీతలా చీలి అందులోంచి గోధుమ రంగు తుప్పు కారుతుంటే అది పెయింట్ పగులు కాదు, కింద రేకో వెల్డింగో పగిలింది. దాన్ని పట్టీ వేసి బాగు చేయకుండా ఎక్స్‌టెన్షన్ బిగించొద్దు.

పలకలకు 2 మిల్లీమీటర్ల ఇనుప రేకు చాలు, అల్యూమినియం అయితే 3. పై అంచును 30 మిల్లీమీటర్లు బయటికి మడిపించండి, ఆ మడతే పలకకు బలం. మడత లేని రేకు ఎంత మందంగా ఉన్నా గింజ నిండితే పొట్ట ఉబ్బుతుంది. గింజ పక్కకు ఎంత తోస్తుందో చాలామంది తక్కువ అంచనా వేస్తారు. 2.4 మీటర్ల పొడవు, 40 సెంటీమీటర్ల ఎత్తు పలకను గోధుమ సుమారు 60 కిలోల బలంతో బయటికి నెడుతుంది, అదీ మిషన్ కదలకుండా ఉన్నప్పుడు, రాశి శిఖరం కలపకుండా. ఎత్తు రెట్టింపు చేసి 80 పెడితే ఆ బలం రెట్టింపు కాదు, నాలుగింతలై 240 కిలోలకు పోతుంది. గతుకుల్లో ఊగితే ఇంకా పెరుగుతుంది. అందుకే పొడవు పలకల మధ్యలో ఎదురెదురుగా ఒక అడ్డ రాడ్డో గొలుసో కట్టాలి, 30 సెంటీమీటర్లు దాటితే ఇది తప్పనిసరి. రాడ్డు ఆగర్ నోటికి అడ్డం రాకుండా చూసుకోండి. ప్రతి 60 సెంటీమీటర్లకో నిలువు యాంగిల్ ముక్క బయటి వైపు పెట్టి దాన్ని పాత ట్యాంకు గోడ మీదికి కనీసం 15 సెంటీమీటర్లు దించి బిగిస్తే బలం అంచు బోల్టుల మీదే పడదు.

కొత్త పలక అడుగు అంచు పాత ట్యాంకు గోడకు లోపలి వైపు రావాలి, పెంకుటింట్లో పై పెంకు కింది పెంకు మీద కప్పినట్టు. అప్పుడు జారే గింజ లోపలికే పోతుంది. బయటి వైపు బిగిస్తే పాత అంచు దగ్గర మెట్టు ఏర్పడి అక్కడ గింజ నిలిచిపోతుంది, సందులోంచి రోజంతా కారుతుంది, పంట మారినప్పుడు పాత గింజ కొత్తదాంట్లో కలుస్తుంది. రెండు రేకుల మధ్య సన్నటి రబ్బరు పట్టీ వేయండి. అల్యూమినియం పలకను ఇనుప ట్యాంకుకు తగిలిస్తే ఆ రబ్బరు తుప్పును కూడా ఆపుతుంది. బోల్టు తల లోపలికి, నట్టు బయటికి, ఎం8 బోల్టులు, వెడల్పు వాషర్లు, నైలాక్ నట్లు (ఊగినా వదులవకుండా పట్టుకునేవి), 15 సెంటీమీటర్లకొకటి. వెల్డింగ్ కన్నా బోల్టులే మంచివని నా గట్టి అభిప్రాయం. విప్పుకోవచ్చు, ఊగేచోట పగలవు, పైగా దుమ్ము, పొట్టు పేరుకున్న మిషన్ మీద వెల్డింగ్ చేస్తే ఎక్కడో లోపల నిప్పు రాజుకుని గంట తర్వాత బయటపడుతుంది. తప్పదనుకుంటే ముందు మిషన్ మొత్తం గాలి కొట్టి, నీళ్లతో కడిగి, బ్యాటరీ తీగలు విప్పి, పక్కన నీళ్లు పెట్టుకుని చేయండి.

మూలలే అసలు పరీక్ష. నిటారు పలకలకైతే ఎల్ ఆకారం యాంగిల్‌తో సరిపోతుంది. బయటికి వాలిన పలకలైతే మూల దగ్గర త్రికోణం ఖాళీ వస్తుంది, అక్కడ పాత కన్వేయర్ బెల్టు ముక్క కోసి పెడతారు, మడిచే పలకలకైతే అదే బాగుంటుంది. బెల్టును నేరుగా బోల్టుతో బిగిస్తే కన్నం చిరిగి పెద్దదవుతుంది. బెల్టు మీద ఒక ఫ్లాట్ పట్టీ వేసి, పట్టీకీ రేకుకీ మధ్య బెల్టు నలిగేలా బిగించాలి. బెల్టు ముక్కను బిగుతుగా కాకుండా కాస్త వదులుగా కోయండి, పలక మడిచినప్పుడు అది లోపలికి ముడుచుకోవాలి కదా.

మడిచే ఏర్పాటు వీలైతే తప్పకుండా పెట్టమంటాను. మిషన్ ఎత్తు పెరిగితే షెడ్డు తలుపు, చెట్ల కొమ్మలు, అన్నింటికన్నా ముఖ్యంగా కరెంటు తీగలు. బిగించాక నేల నుంచి పై అంచు వరకు కొలిచి ఆ అంకెను క్యాబిన్‌లో కనపడేలా రాసిపెట్టండి, మీ దగ్గర రోడ్డు మీద అనుమతించే ఎత్తుతో పోల్చుకోండి. అన్‌లోడింగ్ గొట్టాన్ని మడిచి, తెరిచి, మళ్లీ మడిచి చూడండి, పలక బయటి మూలకు తగలకూడదు. క్యాబిన్ వెనక అద్దంలోంచి గింజ కనపడటం పోకూడదు. వెనక పలకలో ఒక చిన్న కిటికీ కోసి గట్టి పారదర్శక షీటు వేస్తే మట్టం తెలుస్తుంది. ట్యాంకు నిండిందని చెప్పే సెన్సార్ ఉంటే దాన్ని కొత్త అంచుకు 10 సెంటీమీటర్ల కిందకు మార్చండి, తీగ పొడిగించేటప్పుడు అతుకు గింజలో లేకుండా బయట పెట్టండి. సెన్సార్‌ను పాత చోటే వదిలేస్తే రోజంతా మోగుతూనే ఉంటుంది, చివరికి దాని తీగ పీకేస్తారు.

చాలా మోడళ్లలో ఇంజిన్ ట్యాంకు వెనకే ఉంటుంది. వెనక పలక దాటి గింజ పొర్లితే అది సైలెన్సర్ మీదో మానిఫోల్డ్ మీదో పడి కాలుతుంది, కంబైన్ తగలబడటానికి అంతకన్నా ఏమీ అక్కర్లేదు. అందుకే వెనక పలకను మిగతా మూడింటి కన్నా 10 సెంటీమీటర్లు ఎత్తుగా పెట్టండి, పొర్లితే పక్కలకు పొర్లాలి గానీ వెనక్కి కాదు. పలక రేడియేటర్ గాలి తీసుకునే జల్లెడకు అడ్డం వస్తోందేమో కూడా చూడండి. కొన్నింటిలో గాలి పైనుంచే లాగుతుంది, అక్కడ ఎత్తు పలక పెడితే ఇంజిన్ టెంపరేచర్ పెరుగుతుంది.

మనుషుల జాగ్రత్త గురించి గట్టిగానే చెప్తున్నాను. ఎక్స్‌టెన్షన్ వేసిన మిషన్లలో మూలల్లో గింజ నిలవడం ఎక్కువ, అప్పుడు హెల్పర్ ట్యాంకులోకి దిగి కాలితో తోయడం మామూలైపోతుంది. అడుగు ఆగర్ తిరుగుతుండగా ట్యాంకులో ఎవరూ కాలు పెట్టకూడదు, ఒక్క నిమిషం కూడా. గింజ కిందికి లాగుతుంది, మోకాలు మునిగితే తనంతట తాను బయటికి రావడం కష్టం, కింద స్క్రూ తిరుగుతోంది. పొడవాటి చెక్క గరిట ఒకటి చేయించి నిచ్చెన మీద నుంచే తోయండి, అదీ ఇంజిన్ ఆపి. ట్యాంకు వాలు తక్కువగా ఉన్న మూలల్లో నున్నటి ప్లాస్టిక్ షీటు అతికిస్తే గింజ దానంతట అదే జారుతుంది, దిగాల్సిన అవసరమే రాదు. ఎక్కే నిచ్చెన కూడా కొత్త ఎత్తుకు సరిపోవాలి, పలక అంచు పట్టుకుని వేలాడుతూ లోపలికి తొంగి చూసేలా ఉండకూడదు.

అన్నీ అయ్యాక మొదటి రోజు నేరుగా నిండుగా నింపొద్దు. మొదట పాత అంచు వరకు నింపి, ఎలివేటర్ బెల్టు మీద చేయి పెట్టి వేడి చూడండి, మిషన్ ఆపాకే. తర్వాత పలకలో సగం వరకు. అక్కడ ఆగి ఎలివేటర్ కింది తలుపు తెరిచి చూస్తే, మామూలు కన్నా ఎక్కువ గింజ పేరుకుని ఉందంటే పైన ఆగర్ తోయలేకపోతోందన్నమాట. అంతా బాగుంటే పూర్తిగా నింపి, అప్పుడు మళ్లీ కాటాకు తీసుకెళ్లండి. కాటా పొలానికి దగ్గర్లో లేకపోతే, పాత తూకానికి పైన రాసిన బరువు లెక్క కలుపుకున్నా చాలు. నిండు ట్యాంకుతో అన్‌లోడింగ్ ఒకసారి తక్కువ రేజ్‌లో మొదలుపెట్టి బెల్టు వాసన, శబ్దం గమనించండి. సాయంత్రానికి ప్రతి బోల్టూ స్పానర్‌తో పట్టి చూడండి, రబ్బరు పట్టీ నలిగి కూర్చుంటుంది కాబట్టి సగం బోల్టులు పావు చుట్టు తిరుగుతాయి, వారం తర్వాత ఇంకోసారి.

మీ మిషన్‌లో ఆగర్ నోరు పాత అంచుకు ఎంత కింద ఉందో, అడ్డంగా వచ్చే రకమా ఏటవాలు రకమా, ముందు టైరు సైజు, ఇండెక్స్ ఎంతో, ఈ మూడూ కొలిచి రాయండి. 20 చాలా, 30 దాకా పోవచ్చా అనేది అప్పుడు అంకెలు పెట్టి చెప్పగలను.